రోము రాణులూ నా ఎడమ కన్నూ

నా కళ్ళు రెండూ బాగానే ఉన్నాయి. ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా ఊరి చుట్టుపక్కల కొందరు ముసలివాళ్ళు ఇప్పటికీ నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ నా ఎడమ కంటి ముందు చెయ్యి అటూ ఇటూ ఊపి చూస్తారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. నా కన్ను పోయిందన్న పుకారుకు కారణం ఫ్యాక్టరీ కాదు, యాక్సిడెంటు కాదు. ఎన్నో వందల ఏళ్ళ కిందట చచ్చి మట్టిలో కలిసిన రోము రాణులు!

తొంభైల నడిమి మాట. నేను బహ్రెయిన్‌లో, రాజధాని మనామా పక్కనున్న జింజ్ పేటలో ఒక పెద్దింట్లో డ్రైవరును. ఊళ్ళో మాత్రం నేను దుబాయిలో ఉన్నాననే లెక్క. బహ్రెయిన్ అని ఎన్నిసార్లు చెప్పినా, "అదేరా, దుబాయిల బహ్రెయిను" అనేవారు. ఇంటి యజమాని ఒక పెద్దావిడ. ఆడపిల్లల బడిలో టీచరుగా చేసి మానేసింది. భర్త లేడు, కొడుకులు వేరే ఇళ్ళల్లో ఉండేవారు. అక్కడ ఇంటామెను మామా అని పిలవడం అలవాటు. ఆడమనిషిని పట్టుకుని మామా అనాలంటే మొదట్లో నాకు నాలుక తిరిగేది కాదు, నవ్వొచ్చేది. ఆమె తండ్రి ముత్యాల వ్యాపారి, ఏడాదిలో సగం బొంబాయిలోనే ఉండేవాడట. అందుకని మామాకు బొంబాయి హిందీ గలగలా వచ్చు. ఇంట్లో మూడో మనిషి వంట చేసే భాయ్. హైదరాబాదు పాతబస్తీ మనిషి. బిర్యానీ ఎంత బాగా చేసేవాడో నన్ను ఏడిపించడం అంతకంటే బాగా చేసేవాడు.

మామాకు ఒక పిచ్చి ఉండేది. పాత రోము వెండి నాణేలు పోగుచేసేది, అదీ రాణుల బొమ్మలున్నవి మాత్రమే. మనామా బజారులో పాత సామాను అమ్మే దుకాణంవాడు ఎప్పుడైనా రాజు బొమ్మ ఉన్నది తీస్తే, "మగాళ్ళ మొహాలు రోడ్డు మీద ఊరికే చూస్తూనే ఉన్నాను, ఇంటికి కూడా తెచ్చుకోవాలా?" అని విసుక్కునేది. ఒక్కొక్కటి మన పావలా అంత ఉండేది. ఒక చెక్కపెట్టెలో ఆకుపచ్చ మఖ్మలు పరిచి, చిన్న చిన్న గుంటలు చేయించి, గుంటకొక రాణిని పడుకోబెట్టింది. శుక్రవారం భోజనాలయ్యాక ఆ పెట్టె బయటికొచ్చేది. ఆమె చెయ్యి వణుకుతుంది కాబట్టి భూతద్దం నేను పట్టేవాణ్ణి, కథలు ఆమె చెప్పేది. భాయ్ చాయ్ తెచ్చి, పని ఉందంటూనే అక్కడే నిలబడిపోయేవాడు.

ఆ రాణుల అసలు పేర్లు నా నోటికి పట్టలేదు. నా పేర్లు నేనే పెట్టుకున్నాను. కొప్పామె అని ఒకామె ఉండేది. జడలల్లి, చుట్టలు చుట్టి నడినెత్తిన కూర్చోబెట్టింది, చుట్టకుదురు పెట్టుకుని బిందె కోసం ఎదురుచూస్తున్న మనిషిలాగా. అలలామెకు నుదుటి నుంచి మెడ దాకా జుట్టంతా అలలు అలలుగా ఉండేది. నెలవంకామె భుజాల కింద నెలవంక చెక్కి ఉండేది. ఆ నెలవంక ఉంటే ఆ నాణెం రెండు నాణేల పెట్టు అని గుర్తట. ఇక ముక్కామె. ఆమె బొమ్మ చెక్కినవాడు ఆమెను ఎన్నడూ చూసి ఉండడని మామా అనుమానం. చూడకపోతే ఎలా చెక్కుతాడు? రాజు ముక్కు అలవాటే కదా, అదే తీసి రాణికి పెట్టేశాడు.

"అయ్యో పాపం, మొగుని ముక్కు మొయ్యవట్టె బిచారీ," అని భాయ్ నిజంగానే బాధపడ్డాడు.

మొదటిసారి కొప్పామెను చేతిలో పెట్టినప్పుడు నేను గబుక్కున బిళ్ళ తిప్పి చూశాను. వెనకవైపు ఆ కొప్పు ముడి ఎలా వేశారో కనిపిస్తుందనుకున్నాను మరి! కనిపించింది వేరే ఆమె, ఎవరో దేవత. మామా నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. భాయ్ ఆ సంగతి వారం రోజులు కూరలో ఉప్పులాగా ప్రతి మాటలో వేశాడు.

ఒక్క బిళ్ళ మాత్రం వేరుగా ఉండేది. ముందువైపు ఒక పసిమొహం పెళ్ళికూతురు. వెనకవైపు ఆ పిల్లా పెళ్ళికొడుకూ ఎదురెదురుగా నిలబడి చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఉంటారు. అచ్చం మన పెళ్ళిలో చేతులు కలిపినట్టే. నాకు భలే ముద్దొచ్చింది. మామా మాత్రం పెదవి విరిచింది. ఆ పెళ్ళికొడుక్కి ఆ పిల్లంటే గిట్టదట. కలిసి అన్నం కూడా తినేవాడు కాదట. తర్వాత దీవికి వెళ్ళగొట్టి, చివరికి చంపించాడట.

"నా పెట్టెలో అందరూ కుడిదిక్కే చూస్తారు. మొగుడివైపు చూసేది ఈ పిల్ల ఒక్కతే, అదీ అబద్ధం," అంది మామా. "బిళ్ళ మీద చూసుకుంటే ఏం లాభం, ఇంట్లో చూసుకోవాలి గానీ."

అసలు వీళ్ళంతా పక్కకెందుకు తిరిగారని అడిగాను. ఎదురుగా చెక్కితే ముక్కు అణిగిపోతుందనీ, పక్కనుంచి చూస్తేనే మనిషి రాజసం తెలుస్తుందనీ చెప్పింది. ఆ మాట నా బుర్రలో పడింది. అదే నా కొంప ముంచింది.

ఆ రోజుల్లోనే ఇంటినుంచి సంబంధం కబురొచ్చింది. పక్క మండలం పిల్ల. మా చెల్లె, ఆ పిల్ల ఒకే కార్ఖానాకు బీడీలు చేసేవారు. కుదిర్చింది మా చెల్లెనే. అస్కర్‌లో అల్యూమినియం ఫ్యాక్టరీ క్యాంపులో ఉండే మా పక్క ఊరాయన సెలవు ముగించుకుని వస్తూ మామిడికాయ తొక్కు, దానితోపాటు ఆ పిల్ల ఫొటో తెచ్చాడు. వెనక జలపాతం బొమ్మ ఉన్న తెర, చెయ్యి ప్లాస్టిక్ పూలకుండీ మీద. నవ్వలేదు. సిగ్గుపడలేదు. నేరుగా చూస్తోంది, నన్నే నిలదీస్తున్నట్టు.

ఏం చెప్పను! ఆ రోజు కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టాను. కొత్తిమీర కట్ట కింద భాయ్‌కి దొరికాయి.

"మియా, గాడీకి గూడ చల్లగ ఉండాల్ననా?" అన్నాడు.

నేను కోప్పడబోయి నవ్వేశాను. అప్పుడు నన్ను ఎవరేమన్నా నవ్వే వచ్చేది. మామాను ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సినవాణ్ణి చేపల మార్కెట్టుకు తీసుకెళ్ళాను. ఆమె కూడా ఏమీ అనకుండా చేపలు కొనుక్కుంది.

పిల్ల తరఫువాళ్ళు నా ఫొటో అడిగారు. నా దగ్గరున్నవన్నీ పాస్‌పోర్టుకో వీసాకో తీసినవి. ఎదురుగా చూస్తూ, చెవులు రెండూ కనిపిస్తూ, పోలీసులు వెతికే మనిషిలా ఉంటాను. అలాంటి ఫొటోతో పెళ్ళేమిటి? నాకు రోము గుర్తొచ్చింది. నా ముక్కు గురించి నాకు మొదటినుంచీ మంచి అభిప్రాయమే ఉంది. భాయ్ దగ్గర కూర్చుని జుట్టుకు నూనె పట్టించి అలలామె లాగా అలలు దిద్దించుకున్నాను. మనామాలో స్టూడియోవాడు ఇచ్చిన నల్లకోటు తొడుక్కుని, రాణుల లాగే ఫొటోలో కుడిదిక్కు చూసేట్టు తిరిగి, గడ్డం ఎత్తి కూర్చున్నాను.

"ఇటు చూడు భాయ్, ఇటు," అని స్టూడియోవాడు హిందీలో మొత్తుకున్నాడు.

"నీకు తెల్వది, తియ్యి!" అని గదిమాను.

రంగులు వద్దని నలుపూ తెలుపులో కడిగించాను, వెండి లెక్క కనిపించాలని. ఫొటో చూసి భాయ్ సలాం కొట్టాడు. "అరే వా! బాద్షా సలామత్!" మామా దాన్ని పెట్టెపక్కన పెట్టి చూసి, ముక్కు పరవాలేదంది. నేను గాల్లో నడుస్తూ పోయి, ఒక కాపీ నా దగ్గర ఉంచుకుని, ఇంకోటి ఊరికి వెళ్ళే మనిషి చేతిలో పెట్టాను.

మా ఊళ్ళో ఫోను కిరాణా దుకాణంలో ఒక్కటే ఉండేది. శుక్రవారం ఫలానా వేళకు చేస్తానంటే మా అమ్మ, మేం అవ్వ అంటాం, వచ్చి అక్కడ కూర్చునేది. నేను కార్డు పట్టుకుని జింజ్‌లో రోడ్డు పక్క బూత్‌లో నిలబడ్డాను.

"ఫొటో అందిందా అవ్వా?" అని అడిగాను.

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"నిజం చెప్పు బిడ్డా. కన్ను ఎట్ల పోయింది?"

"ఏం కన్నే?"

"ఎడమ కన్ను. కన్నతల్లికి గూడ చెప్పకుంట ఎన్ని దినాలు దాస్తవురా?"

"నాకు రెండు కండ్లున్నయే అవ్వా!"

"నా మీద ఒట్టు వెయ్యి."

"నీ మీద ఒట్టు. రెండున్నయ్."

"ఉన్నయ్ సరే. రెండు కనవడ్తయా?"

ఫోను బూత్ అద్దానికి తల కొట్టుకున్నాను. బయట నిలబడ్డ మనిషి భయపడి పక్క బూత్‌కు పోయాడు.

జరిగింది తర్వాత చెల్లె చెప్పింది. పిల్ల నాయనమ్మ నా ఫొటో చేతిలోకి తీసుకుని, "ఇంకో కన్నేది?" అని వెనక్కి తిప్పి చూసిందట. ఆ మాట విన్నప్పుడు నేను ఆ ముసలామెను తిట్టలేకపోయాను. నేను కూడా కొప్పు కోసం బిళ్ళ తిప్పినవాణ్ణే కదా! పైగా ఆమెకు అనుభవం ఉంది. ఆమె పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకును గోడవైపు తిప్పి కూర్చోబెట్టారట, రాజసం అనుకుంది. తాళి పడ్డాక మెల్లకన్నని తెలిసింది. మా వైపు సంబంధానికి వచ్చిన ఫొటోలో మనిషి పక్కకు తిరిగాడంటే ఏదో దాస్తున్నాడనే లెక్క. అస్కర్ ఆయన పేరు ఎవరో ఎత్తారు, అక్కడ అల్యూమినియం కరిగిస్తారట, నిప్పురవ్వలు ఎగురుతాయట అన్నారు. అంతే, సాయంత్రానికి రవ్వ వచ్చి నా కంట్లో పడింది. నేను ఆ ఫ్యాక్టరీ గేటు కూడా చూడలేదు మొర్రో అంటే వినేదెవరు?

సరే, కోపం దిగమింగి మళ్ళీ స్టూడియోకు పోయాను. ఈసారి నేరుగా కూర్చుని, అనుమానం రాకుండా రెండు కళ్ళూ బాగా తెరిచాను. మరీ బాగా తెరిచినట్టున్నాను. ఆ ఫొటో పోయింది. వచ్చే వారం ఫోనులో చెల్లె గొంతు మెల్లగా ఉంది.

"అన్నా, రాయి కన్ను వెట్టిచ్చుకున్నవని అంటున్నది ముసల్ది."

"ఎట్ల తెల్సిందట?"

"ఎడమది కదుల్తలేదట."

"ఫొటోల ఏ కన్ను కదుల్తదే!" అని నేను అరిచిన అరుపు ఫోను లేకుండానే మా ఊరికి వినబడి ఉంటుంది.

చెల్లె ఇంకొకటి చెప్పింది. పిల్ల తండ్రి వేరే సంబంధం చూస్తున్నాడు. ట్రాక్టరున్న మనిషి, రెండు కళ్ళూ ఊరందరికీ తెలిసినవే. ఊరికి పోయి నా మొహం చూపిస్తే అయిపోయేదే గానీ, ఆ నెలలోనే మామా మోకాలికి ఆపరేషను. ఆమెను ఆస్పత్రికి తిప్పడానికి నేను తప్ప ఎవరూ లేరు. గదిలో కూర్చుని జలపాతం ముందు నిలబడ్డ ఆ పిల్ల ఫొటో చూశాను. ఒక్కసారి కూడా గొంతు వినని మనిషి దూరమైతే ఇంత ఏడుపెందుకు వస్తుందో నాకు అర్థం కాలేదు. కానీ వచ్చింది. రెండు కళ్ళల్లోంచీ వచ్చింది, అవ్వ చూసి ఉంటే బాగుండేది.

భాయ్ పోయి మామాకు సంగతంతా చెప్పాడు. ఆమె ముందు పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగి, "నా రాణులు నీ పెళ్ళి కూడా చెడగొట్టారా?" అంది. కాసేపటికి టీచరు గొంతుతో అడిగింది.

"నాయనమ్మ ఏమందో చెప్పావు, తండ్రి ఏమన్నాడో చెప్పావు. ఆ పిల్లను అడిగారా ఎవరైనా?"

అడగలేదు. ఎవరమూ అడగలేదు! అప్పుడే బూత్‌కు ఉరికి, దుకాణం వాళ్ళను బతిమిలాడి చెల్లెను పిలిపించాను. "చెల్లే, ఎవ్వరి మాటొద్దు. పిల్లను అడుగు. ఒద్దంటే ఒద్దు, నేను ఏం అనుకోను," అన్నాను. ఏం అనుకోను అన్నది శుద్ధ అబద్ధం.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో భాయ్‌నే అడగాలి. కూరలో పంచదార వేశానట. మామా ఆపరేషను మంచిగా అయింది, కర్ర పట్టుకుని ఇంటికొచ్చింది. ఒక శుక్రవారం మా వైపు మనిషి ఒకాయన ఊరినుంచి తిరిగొస్తూ చెల్లె పంపిన ప్యాకెట్టు ఇచ్చిపోయాడు. విప్పితే ఒక క్యాసెట్టు, ఒక మూసిన కవరు. కవరు మీద చెల్లె రాత: "క్యాసెట్టు విన్నంకనే ఇప్పు."

పెట్టె తీసే వేళే అది. మామా మంచం పక్కన బల్ల మీద రాణులు, వాళ్ళ పక్కన భాయ్ వంటింటి టేప్ రికార్డరు. భాయ్ ప్రతి మాటా మామాకు హిందీలో చెబుతానన్నాడు. మీట నొక్కాను. కాసేపు గరగర. తర్వాత చెల్లె గొంతు.

"అన్నా, ట్రాక్టరాయన వచ్చి చూసి పోయిండు. ఆళ్ళకు నచ్చింది. గని గీమె ఇంకా ఊకొట్టలే. గిదొక మాట నీకే చెప్తనంటున్నది. ఇగో, మాట్లాడవే."

"నేను మాట్లాడ. నువ్వే చెప్పు."

"నువ్వే గదనే చెప్తనన్నవ్!"

గాజుల చప్పుడు, ఎవరో ఎవరినో గిల్లిన చప్పుడు, కిసకిసలు. నేను చెవి టేప్ రికార్డరుకు ఆనించాను. తర్వాత కొత్త గొంతు వచ్చింది. తొణకని గొంతు.

"ఒక్క కన్నున్నా నాకేం ఫరక్ పడది. రెండున్నా ఫరక్ పడది. మా నాయినమ్మ కన్నుకోసం చూసింది, నేను చూపుకోసం చూసిన. నా ఫొటోల నేను ఆయన దిక్కే చూసిన. ఆయనేమో మొదటి ఫొటోల ఎటో చూస్తున్నడు, రెండో ఫొటోల భయపడ్డట్టు చూస్తున్నడు. అసలు నన్ను చూస్తడా, చూడడా? గది చెప్పుమను, నేను మా నాయినకు చెప్పుకుంట. ఇంకో ఫొటో పంపుతున్న. ఆయన మొదటి ఫొటో పక్కపొంటి వెట్టి చూడుమను."

టక్కున ఆగిపోయింది. భాయ్ హిందీ చెప్పడం మర్చిపోయి నిలబడ్డాడు. మామా కర్రతో వాణ్ణి పొడిస్తే అప్పుడు చెప్పాడు.

నేను కవరు చింపాను. అదే స్టూడియో, అదే జలపాతం. కానీ ఈసారి ఆ పిల్ల పక్కకు తిరిగి ఉంది. గడ్డం ఎత్తి, అచ్చం రాణి లాగా! నేను దాచుకున్న నా మొదటి ఫొటో కాపీ తెచ్చి బల్ల మీద పెట్టి, దాని ఎడమపక్కన ఆ పిల్ల ఫొటో పెట్టాను.

ఆమె అటు చూస్తోంది. నేను ఇటు చూస్తున్నాను. వీపూ వీపూ.

నా ప్రాణం ఉసూరుమంది. అలిగిందన్నమాట. నువ్వు తిప్పుకున్నావు, నేనూ తిప్పుకున్నాను, చెల్లుకు చెల్లు అంటోందన్నమాట. "ఖలాస్," అన్నాను భాయ్‌తో. భాయ్ కూడా తల దించుకున్నాడు.

మామా నాణేలు జరిపినట్టే, అంచులు మాత్రమే ముట్టుకుంటూ, ఆ పిల్ల ఫొటో తీసి నా ఫొటోకు కుడిపక్కన పెట్టింది.

నా పెట్టెడు రాజసం, నా ముక్కు, నా అలల జుట్టు, అన్నీ ఆ పిల్ల మొహానికి ఎదురుగా ఉన్నాయి. ఆమె నన్నే చూస్తోంది. నేను ఆమెనే చూస్తున్నాను. నా ఫొటో చేతిలో పట్టుకుని, దానికి ఎదురు వచ్చేట్టు కొలుచుకుని మరీ తిరిగి కూర్చుని ఉంటుంది ఆ మహాతల్లి! భాయ్ గట్టిగా అరిచి నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. చాయ్ కప్పు పడింది, పగిలింది, ఎవరూ చూడలేదు.

"నా పెట్టెలో ఇలాంటిది ఒక్కటీ లేదు," అంది మామా, మేలిముసుగు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. మరుక్షణం కర్ర ఎత్తింది. "ఇంకా నిలబడ్డావేం? యల్లా, ఫోను చెయ్యి!"

చెప్పులు కూడా వేసుకోలేదు. ఎండకు రోడ్డు కాలుతోంది, నేను గెంతుతూ నవ్వుతూ పరిగెత్తాను. దుకాణం వాళ్ళు అవ్వను పిలుచుకొచ్చేదాకా బూత్‌లో ఒంటికాలి మీద ఒకసారి, రెండోకాలి మీద ఒకసారి నిలబడ్డాను.

"ఏమైందిరా బిడ్డా? గింత తొందరేంది?"

"అవ్వా, ఇప్పుడే చెల్లెను ఆ పిల్ల దగ్గరికి తోలు. ఒక్కటే మాట చెప్పుమను. చూస్తున్న అని చెప్పుమను. ఆమెనే చూస్తున్న, ఎప్పటికి ఆమెనే చూస్త అని చెప్పుమను!"

అవతల గరగరమంది. అవ్వ ఎంతో జాలిగా, మెల్లగా అడిగింది.

"ఏ కంటితోని బిడ్డా?"